బిల్లులో పాలు మాయం... తప్పు తీగది!

గేదె పదిహేను రోజులూ పాలిచ్చింది. ఆసామి పదిహేను రోజులూ పొద్దునా సాయంత్రం క్యాను పట్టుకెళ్లి కేంద్రంలో పోశాడు. పూటపూటా చీటీ కూడా తీసుకున్నాడు. తీరా బిల్లు చేతికొచ్చాక చూసుకుంటే ఏడెనిమిది రోజుల పాలే లెక్కకు వచ్చాయి. మిగతావి ఏమైనట్టు?

జిల్లాలోని ఒక గ్రామ పాల సొసైటీలో సంక్రాంతికి ముందు ఈ ప్రశ్న పెద్ద గొడవకే దారితీసింది. ఊరి పేరు ఇక్కడ అనవసరం. ఆ ఊళ్లో జరిగింది పాత కంప్యూటరు, పాత ప్రింటరు ఉన్న ఏ సొసైటీలోనైనా జరగవచ్చు.

పెద్దల బిల్లులు మాత్రం భేష్!

ఆ సొసైటీలో సుమారు 150 మంది సభ్యులున్నారు. పదిహేను రోజులకొకసారి బిల్లులు తీస్తారు. ఒక్కొక్క బిల్లు 22 వరుసలు. రోజుకొక వరుసలో పొద్దుటి పాలు, సాయంత్రం పాలు, వెన్న శాతం, డబ్బు, అడుగున మొత్తం. క్లర్కుగా పనిచేసే అమ్మాయి కాగితాలు చించి సభ్యుల నంబరు ప్రకారం పంచుతుంది.

ఈసారి బిల్లులు పంచీ పంచగానే కేంద్రం ముందు జనం పోగయ్యారు. ఒకరి బిల్లులో 3వ తేదీ తర్వాత 7వ తేదీ వచ్చింది. ఇంకొకరి బిల్లులో వరుస సగంలో తెగి, పక్క సభ్యుని లీటర్లు దానికి అతుక్కున్నాయి. కొందరికి అడుగున మొత్తమే లేదు. "ఏమయ్యా సెక్రటరీ, నా గేదె పదిహేను రోజులూ చేపింది. మీ మిషనుకు మాత్రం ఏడు రోజులే కనపడ్డాయా?" అని ఒక వృద్ధురాలు నిలదీసింది. ఆమెకు ఆ ఒక్క గేదే ఆధారం. పండక్కి వచ్చే కూతురికీ అల్లుడికీ బట్టలు పెట్టాలన్నా ఈ బిల్లు డబ్బే దిక్కు.

అసలు చిక్కు ఇంకొకటి. 1వ నంబరు నుంచి 12వ నంబరు దాకా బిల్లులు ఒక్క అంకె చెడకుండా వచ్చాయి. ఆ నంబర్లు ఎవరివి? సొసైటీ పెట్టిన రోజున మొదట చేరిన పెద్దలవి. అందులో ప్రెసిడెంటు ఉన్నారు, డైరెక్టర్లు ఉన్నారు. ఇక ఊరికి వేరే సాక్ష్యం కావాలా? "పెద్దల పాలు పెద్దలకు చేరాయి, పేదల పాలు సెక్రటరీ తాగాడు" అన్నమాట సాయంత్రానికల్లా రచ్చబండ దాకా పాకింది. సెక్రటరీ బిల్లుల చెల్లింపు నిలిపివేసి తాళాలు ప్రెసిడెంటు చేతిలో పెట్టారు. మరుసటి పూట ముగ్గురు సభ్యులు తమ పాలను ప్రైవేటు కేంద్రానికి మళ్లించారు.

రిబ్బను మార్చారు, హెడ్డు మార్చారు

పట్నం నుంచి మెకానిక్కును పిలిపించారు. అతను ప్రింటరు మూత తీసి చూసి రిబ్బను మార్చాడు. ఫలితం లేదు. హెడ్డు అరిగిందని అదీ మార్చాడు. ప్రింటరుకు సొంత పరీక్ష ఒకటుంటుంది. లైను ఫీడు బొత్తాం నొక్కి పట్టుకుని స్విచ్చి వేస్తే కంప్యూటరుతో పని లేకుండా తనంతట తానే అక్షరాలు కొడుతుంది. ఆ పరీక్షలో అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. మళ్లీ బిల్లులు తీస్తే 13వ నంబరు నుంచి అదే గందరగోళం. కంప్యూటరులో వైరస్ ఉందనీ, అంతా చెరిపి మళ్లీ నింపాలనీ చెప్పి అతను వెళ్లిపోయాడు. నిజంగా చెరిపి ఉంటే సభ్యుల పాల లెక్క గంగలో కలిసేదే. సెక్రటరీ ఒప్పుకోకపోవడం ఆ ఊరి అదృష్టం.

దగ్గరి రైసు మిల్లులో వేబ్రిడ్జి కాటా బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కును రెండో రోజు ప్రెసిడెంటు వెంటబెట్టుకు వచ్చారు. లారీని తూచే కాటాకూ కంప్యూటరుకూ మధ్య ఉండేది కూడా ఇటువంటి తీగే గనుక అతనికి దాని నడక తెలుసు. అతను ప్రింటరును ముట్టుకోకుండా రెండు ప్రశ్నలు అడిగాడు. చెడిపోవడం ఎక్కడ మొదలవుతోంది? ఈ మధ్య ఇక్కడ ఏం మార్చారు?

రెంటికీ జవాబు క్లర్కు అమ్మాయి దగ్గరే ఉంది. పూటపూటా ఇచ్చే చీటీలు ఒక్కటీ చెడలేదని, బిల్లులు వరుసగా తీసినప్పుడే చెడుతున్నాయని, ఎన్నిసార్లు తీసినా మొదటి 12 బాగుంటాయని ఆమె పుస్తకంలో రాసిపెట్టుకుంది. మారింది కూడా ఒక్కటే. పోయిన బిల్లు తీసిన తర్వాత ఎలుకలు తీగను కొరికేశాయి. పట్నంలో కొత్త తీగ చేయించి తెచ్చారు. ఆ వెంటనే చీటీలు చక్కగా రావడంతో తీగ మంచిదేనని అందరూ అనుకున్నారు. పదిహేను రోజుల తర్వాత గొడవ వచ్చేసరికి తీగ సంగతి ఎవరికీ గుర్తు లేదు. మొదటి మెకానిక్కు అడగనూ లేదు.

తూము చిన్నది, నీళ్లు ఎక్కువ

ఈ సొసైటీలో కంప్యూటరు ఆఫీసు గదిలో ఉంటుంది. ప్రింటరు పాలు పోసే హాల్లో, చీటీలిచ్చే కిటికీ పక్కన ఉంటుంది. మధ్య దూరం దాదాపు పది మీటర్లు. మామూలు ప్రింటర్లకు వాడే లావుపాటి ప్యారలల్ తీగ రెండు మూడు మీటర్లు దాటితే నమ్మకంగా పనిచేయదు. అందుకే సీరియల్ తీగ వేశారు. ఒకే సన్న తీగ గుండా అక్షరంలోని ముక్కలన్నీ ఒకదాని వెనుక ఒకటి, గట్టు మీద చీమల బారులా పోతాయి. ఈ పద్ధతికి అమెరికాలో 1960లోనే ప్రమాణం ఏర్పడింది. ఆర్.ఎస్. 232 అని దాని పేరు. 15 మీటర్ల దాకా దీనికి ఢోకా లేదు.

ఇక్కడి కంప్యూటరు వేగం 4800. ఒక్కొక్క అక్షరానికి ముందూ వెనకా గుర్తులతో కలిపి 10 ముక్కలు పడతాయి. అంటే సెకనుకు 480 అక్షరాలు పంపుతుందన్నమాట. ప్రింటరు కొట్టగలిగేది సెకనుకు సుమారు 240. వచ్చినవన్నీ ముందు ప్రింటరు కడుపులో ఉండే చిన్న నిల్వలో చేరతాయి. ఇది చెరువు లాంటిది. పై కాలువలో రెండు పాళ్ల నీళ్లు వస్తుంటే అడుగు తూము గుండా ఒక పాలే పోతుంది. చెరువు నిండాక కాలువ కట్టకపోతే నీళ్లు గట్టు దాటి పొర్లిపోతాయి. చీటీలో ఉండేది రెండు మూడు వందల అక్షరాలే. మరో ఆసామి క్యాను దించేలోగా అది ఖాళీ అయిపోతుంది. బిల్లులు అలా కాదు. ఒక్కొక్కటి 1300 అక్షరాల చొప్పున 150 బిల్లులు ఆగకుండా వస్తాయి. 12 బిల్లులు వచ్చేసరికి నిల్వ నిండిపోయింది. ఆపైన ప్రింటరులో ఎంత చోటు ఖాళీ అయితే అంత మేరకే లోపలికి చేరి మిగతావి గాలికి పోయాయి. సగానికి సగం వరుసలు మాయమైంది అందుకే. 1వ నంబరు నుంచి 12వ నంబరు దాకా బాగున్నదీ అందుకే. వరుసలో ముందుండటం తప్ప పెద్దలు చేసిందేమీ లేదు.

నోరు తన చెవికే కట్టుకుంది

అలా పొర్లిపోకుండా ఒక ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. నిల్వ నిండగానే ప్రింటరు వేరే తీగ మీద 'ఆగు' అని చెబుతుంది. ఖాళీ అవగానే 'కానివ్వు' అంటుంది. చేను చివర నిలబడిన పాలేరు మడి నిండగానే కేకవేస్తే ఇవతలివాడు గండి పూడ్చినట్టే. ఎలుకలు కొరికిన పాత తీగలో అయిదు పోగులుండేవి. అందులో ఒకటి ఈ కేక మోసే పోగు.

కాటా మెకానిక్కు కొత్త తీగ ప్లగ్గు విప్పి అందరికీ చూపించాడు. లోపల మూడే పోగులున్నాయి. పంపడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి, ఎర్తుకు ఒకటి. 'కానివ్వు' అన్న కబురు వినపడితే తప్ప కంప్యూటరు అక్షరం పంపదు. దాంతో తీగ చేసిన వ్యక్తి కంప్యూటరు వైపు ప్లగ్గులో 7వ పిన్నునూ 8వ పిన్నునూ, 4నూ 6నూ చిన్న తీగ ముక్కలతో కలిపేశాడు. కంప్యూటరు మాటే కంప్యూటరుకు తిరిగి వినపడుతుంది. మనిషి తన నోటిని తన చెవికే కట్టుకున్నట్టు! అవతల ప్రింటరు ఎంత మొత్తుకున్నా 'కానివ్వు' తప్ప మరో మాట చెవిన పడదు. తక్కువ కాగితం పనులకు ఇటువంటి తీగ సరిపోతుంది. దీన్ని చేసినవాడు మోసగాడని అనలేము గానీ, ఏ పనికని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

తప్పు ఇదేనని తేల్చడానికి అతను తీగ మార్చకుండానే ఒక పరీక్ష చేశాడు. కంప్యూటరులోనూ ప్రింటరులోనూ వేగాన్ని 4800 నుంచి 1200కు తగ్గించాడు. ఇప్పుడు సెకనుకు వచ్చేవి 120 అక్షరాలే. ప్రింటరు అంతకన్నా వేగంగా కొట్టగలదు గనుక చెరువు నిండే ప్రసక్తి లేదు. 20 బిల్లులు తీశారు. 20వ బిల్లులో కూడా పదిహేను రోజులూ ఉన్నాయి. కిటికీ దగ్గర గుమిగూడిన జనం ఒక్కసారిగా మాటలాపేశారు.

అదే వేగంలో బిల్లులన్నీ తీయడానికి దాదాపు అరగంట పట్టింది. సభ్యులు తమ చీటీలు తెచ్చి ఒక్కొక్క పూటా సరిచూసుకున్నారు. కంప్యూటరులోని లెక్క మొదటి నుంచీ సరిగానే ఉంది. కాగితం మీదికి దిగే దారిలోనే నష్టం జరిగింది. బిల్లులు చేతికందడంతో చెల్లింపు భోగికి ముందు రోజు పూర్తయింది. నిలదీసిన వృద్ధురాలు తన చీటీలను దారంతో గుచ్చి పసుపు డబ్బాలో దాచిపెట్టింది. ముప్పై పూటలకు ముప్పై చీటీలూ చూపించింది. చీటీలు పారేసుకున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నమ్మినట్టు కనిపించరు.

తీగ కలిపే తీరు

పండుగ తర్వాత కాటా మెకానిక్కు అయిదు పోగుల తీగ చేసి ఇచ్చాడు. కంప్యూటరు వైపు 9 పిన్నుల ప్లగ్గు, ప్రింటరు వైపు 25 పిన్నుల ప్లగ్గు. కంప్యూటరు 3వ పిన్ను నుంచి ప్రింటరు 3కు అక్షరాలు వెళ్లే పోగు. 2 నుంచి 2కు తిరుగు పోగు. కంప్యూటరు 5 నుంచి ప్రింటరు 7కు ఎర్తు. ప్రింటరు 20వ పిన్ను నుంచి వచ్చే 'ఆగు' పోగును కంప్యూటరు 8కీ 6కీ కలిపాడు. కంప్యూటరు 4 నుంచి ప్రింటరు 6కు అయిదో పోగు. ఈ అంకెలు అన్ని ప్రింటర్లకూ ఒకటే కావు. ప్రింటరుతో వచ్చిన పుస్తకం చూసుకున్నాకే టంకం పెట్టాలి. ప్లగ్గు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ రెండు యంత్రాల స్విచ్చులూ ఆపాలి. ఆ తర్వాత వేగాన్ని తిరిగి 4800కు పెంచి బిల్లులు తీస్తే ప్రింటరు మధ్యమధ్య 'ఆగు' అనడం, కంప్యూటరు ఆగడం కళ్లారా చూశారు.

ఇతర సొసైటీలవారికి పనికొచ్చే మాటలు కూడా అతను కొన్ని చెప్పాడు. మొదటి అక్షరం నుంచే పిచ్చి గుర్తులు పడుతుంటే రెండు వైపులా వేగం ఒకటిగా లేదని అర్థం. ఒకటి 9600, ఇంకొకటి 4800 ఉంటే ఒకరి భాష ఒకరికి అర్థం కాదు. కొన్ని అక్షరాలు సరిగా, కొన్ని వేరుగా వస్తుంటే వేగం కుదిరినా ప్యారిటీ అనే లెక్క గుర్తు కుదరలేదు. అసలేమీ రాకపోతే పంపే పోగు పంపే పోగుకే ఎదురుపడిందేమో చూడాలి. స్విచ్చి వేసిన కంప్యూటరు ఊరికే ఉన్నప్పుడు పంపే పిన్నుకూ ఎర్తుకూ మధ్య మీటరు పెడితే మైనస్ 3 నుంచి మైనస్ 15 లోపు వోల్టు చూపాలి. ఏది పంపే పిన్నో దీనితో తెలిసిపోతుంది. ఈ రోజుల్లో వచ్చే కంప్యూటర్లు చాలావాటికి ఈ సీరియల్ ప్లగ్గే లేదు. యూఎస్‌బీ నుంచి మార్చే చిన్న పరికరం కొని తగిలిస్తారు. కొనేటప్పుడు అది 'ఆగు' కబురును కూడా మోస్తుందా లేదా అడిగి తెలుసుకోవాలి. మూడు పోగులకే సరిపెట్టేవీ ఉంటాయి.

బిల్లు చెడిందని అనిపించినప్పుడు సభ్యులు సెక్రటరీ గల్లా పట్టుకోవడానికి ముందు చేయగల పని ఒకటుంది. తమ ఒక్కరి బిల్లును మాత్రం విడిగా తీసి ఇమ్మని అడగవచ్చు. విడిగా తీస్తే సరిగా వచ్చి, వరుసలో తీస్తే చెడితే లెక్కలో దోషం లేనట్టే. విడిగా తీసినా పూటలు తక్కువ పడితే మాత్రం చీటీలతో నిలదీయవలసిందే.

పాలు మళ్లించిన ముగ్గురిలో ఒకరు తిరిగి వచ్చారు. సెక్రటరీ మళ్లీ తాళాలు తీసుకున్నారు. హెడ్డు మార్చిన ఖర్చు ఎవరు భరించాలన్నది కమిటీలో ఇంకా తేలలేదు. కొత్త తీగను ఎలుకలకు అందకుండా ఇనుప గొట్టంలో నుంచి గోడ పైగా లాగారు. మూడు పోగుల తీగ ఆఫీసు గదిలో మేకుకు వేలాడుతోంది. పొరపాటున మళ్లీ ఎవరూ తగిలించకుండా క్లర్కు అమ్మాయి దానికి 'చీటీలకు మాత్రమే' అని అట్టముక్క కట్టింది.