మీ కోడి కాళ్లు పసుపా? దాని మూలం మన దక్షిణాది అడవిలో!

మా ఫారానికి వచ్చేవాళ్లు తరచూ అడుగుతుంటారు, "నాటుకోడి మన దగ్గరే పుట్టిందా?" అని. వీడియోలో క్లుప్తంగా చెప్పాను, ఇక్కడ వివరంగా రాస్తున్నా.

పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి అని 1868లోనే డార్విన్ రాశారు. 2020లో 863 పక్షుల జన్యువులు పోల్చి చూశారు. మన కోళ్లకు బాగా దగ్గరి చుట్టం నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్‌లలో ఉండే ఉపజాతి అని తేలింది. వరి, చిరుధాన్యాల గింజల కోసం అవి ఊళ్ల దగ్గరికి వచ్చి మచ్చికయ్యాయని పరిశోధకుల అంచనా.

మరి మన వాటా లేదా? ఉంది! మనుషులతో పాటు ప్రయాణిస్తూ ఆ కోళ్లు స్థానిక అడవికోళ్లతో కలిశాయి. పసుపు కాళ్ల జన్యువు మన దక్షిణాది బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. మేతలోని పసుపు రంగు చర్మంలో కరిగిపోకుండా నిలిచేది దానివల్లే. ఇవాళ వైట్ లెగ్‌హార్న్‌లోనూ ఉన్నది అదే.

ఒక్క అడవిపక్షి గుణం ప్రపంచమంతా పాకింది. అందుకే చెప్తున్నా, సంకరజాతి పిల్లలు తెచ్చుకున్నా సరే, ఊరి పుంజులన్నిటినీ అమ్మేయకండి. పొదిగే పెట్టల్ని, రెండు మూడు నాటు పుంజుల్ని విడిగా ఉంచండి. వరస కలవకుండా పక్క ఊరి రైతుతో పుంజుల్ని మార్చుకోండి. ఒకసారి పోయిన గుణం ఏ హేచరీలోనూ దొరకదు.