కొట్లాట కేసులో ‘ఒప్పేసుకో, ఫైన్ కట్టేస్తే పోతుంది’ అంటే..

పొందూరు బజారులో బండి అడ్డం పెట్టాడని ఇద్దరు కుర్రాళ్లకు మాటామాటా పెరిగి చొక్కాలు పట్టుకున్నారనుకోండి. పోలీసులు వచ్చి ఇద్దరినీ స్టేషన్‌కు తీసుకెళ్లి, ఇద్దరి మీదా కేసు రాస్తారు. కోర్టు సమన్లు అందేసరికి తెలిసినవాళ్లంతా చెప్పే సలహా ఒక్కటే: ‘‘ఒప్పేసుకో, ఫైన్ కట్టేస్తే పోతుంది.’’ నిజంగా పోతుందా?

బహిరంగ స్థలంలో ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది కొట్టుకుని ప్రజాశాంతికి భంగం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 194వ సెక్షన్ కింద నేరం. నెల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు ఇది ఐపీసీ 160వ సెక్షన్. అప్పుడు జరిమానా 100 రూపాయలే.

అసలు కిటుకు ఇక్కడుంది. ఇద్దరూ కలబడితేనే అది కొట్లాట. ఒకడు కొడుతుంటే రెండోవాడు దెబ్బలు తిన్నాడు, లేదా తనను కాపాడుకోవడానికే చెయ్యి ఎత్తాడు అంటే అతను ఈ నేరం చేసినట్టు కాదు. ఆత్మరక్షణ నేరం కాదని 34వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కానీ ‘ఒప్పేసుకో’ అన్న సలహా కొట్టినవాడికీ, దెబ్బ తిన్నవాడికీ ఒకేలా అందుతుంది.

మేజిస్ట్రేటు ముందుగా ఆరోపణ ఏమిటో నిందితుడికి వివరించాలి. ఒప్పుకుంటే ఆ మాటలను వీలైనంతవరకు అతను అన్నట్టుగానే రాసుకోవాలి. ఇది నాగరిక్ సురక్షా సంహిత 274, 275 సెక్షన్లలో ఉంది. ‘‘కొట్టాను సార్, వాడు ముందు కొడితే తప్పించుకోవడానికి’’ అంటే అది నేరం ఒప్పుకున్నట్టు కాదు. ఆ రెండో సగం కాగితం మీదకు ఎక్కకపోతేనే చిక్కు. ఒప్పుకున్నంత మాత్రాన శిక్ష వేసి తీరాలనీ లేదు, అది మేజిస్ట్రేటు విచక్షణ.

మరి తప్పు చేయనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు? వాయిదాల భయం. ఒక్కో వాయిదాకు ఒక రోజు కూలీ పోతుంది. ఇంకో పెద్ద కారణం పాస్‌పోర్టు. క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపొచ్చని పాస్‌పోర్టు చట్టం చెబుతోంది. గల్ఫ్ వీసా చేతికొచ్చిన కుర్రాడికి, ఉమ్రాకు బయలుదేరే ఇంటికి అది గొంతు మీద కత్తే. అయితే 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు నుంచే అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు పొందవచ్చు. ఈ దారి చెప్పేవాళ్లు తక్కువ.

తక్కువ శిక్ష ఆశ చూపి ఒప్పించడం సుప్రీంకోర్టు దృష్టికి ఎప్పుడో వచ్చింది. గుజరాత్ ఆహార కల్తీ కేసు కాసంభాయ్ అబ్దుల్ రెహమాన్‌భాయ్ షేక్‌లో 1980లోనే అలాంటి బేరాన్ని తప్పుపట్టింది. 1983లో తిప్పేస్వామి కేసులో, తేలికగా వదులుతామని ఒప్పించి, పై కోర్టులో శిక్ష పెంచడం రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమంది. తర్వాత 2006 నుంచి ప్లీ బార్గెయినింగ్ చట్టబద్ధమైంది. అందులో నిందితుడు ఇష్టపూర్వకంగానే అడిగాడా అని జడ్జి విడిగా విచారించాలి. మామూలుగా ‘ఒప్పుకుంటున్నా’ అనే చిన్న కేసులో అలాంటి విడి విచారణ చట్టంలో లేదు. రక్షణ ఎక్కువ అవసరమైన చోటే తక్కువ ఉందన్నమాట.

శిక్ష సంగతికొస్తే, మొదటిసారి చిక్కినవాడిని మందలించి వదిలే అవకాశం 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో ఉంది. 3వ, 4వ సెక్షన్ల కింద వదిలితే, ఆ నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతోంది. వెయ్యి రూపాయల ఫైన్ కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు, కానీ అడగాలి. విచిత్రమేమిటంటే కొత్త చట్టంలో తాగి రోడ్డు మీద అల్లరి చేసినవాడికి సమాజ సేవ శిక్ష వేయొచ్చు, కొట్లాటకు ఆ వీలు పెట్టలేదు.

ఒప్పుకున్నాక వెనక్కి రావడం కష్టం. శిక్ష మోతాదు, చట్టబద్ధత మీద తప్ప అప్పీలు ఉండదు. ఉద్యోగ దరఖాస్తులో కేసుల గురించి అడిగితే దాచకూడదు. చిన్న కేసుల్ని యజమాని పట్టించుకోకుండా వదలొచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఆ నిర్ణయం యజమానిదే.

లాయరు ఖర్చు భరించలేనివారు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారు శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయిస్తే ఉచితంగా లాయరును ఇస్తారు. ఆ దరఖాస్తు మొదటి వాయిదాకు ముందే పెట్టుకోవాలి, ఒప్పుకున్నాక కాదు.