తంగేడు, తగిరిస, కసివింద

వానకాలము ముగియవచ్చు దినములలో మంచిర్యాల నుండి లక్షెట్టిపేటకు గాని, చెన్నూరునకు గాని పోవు బాటల కిరుప్రక్కల పసుపుపచ్చని పూలు కానవచ్చును. చెరువు గట్లు, బీళ్లు, రైలుకట్టల యంచులు, ఎచట చూచినను అదే పసుపు. బండిలో పోవువాని కంటికి అవి యన్నియు ఒక్క చెట్టు పూలే. కాని బండి దిగి, ఆ పొదల యొద్ద కొంతసేపు నిలిచి చూచినవానికి అచట మూడు వేరువేరు మొక్కలు కనబడును. ఒకటి తంగేడు, రెండవది తగిరిస, మూడవది కసివింద. మొదటిదాని పూవు బతుకమ్మకు అలంకారము. రెండవదాని లేత ఆకు పల్లెలలో కూర. మూడవదాని గింజ పసిపిల్లల పాలిటి విషము. కావున ఈ మూటిని వేరుపరచి గుర్తించుట కేవలము వినోదము కాదు.

ఈ మూడును చిక్కుడు కుటుంబమునకు చెందినవి. మూటి పూలకును అయిదేసి పసుపు రేకులు గలవు. మూటి ఆకులును ఈకల వలె చీలియుండును. అందుచేతనే పూవు రంగును మాత్రము చూచినవాడు పొరపడును. పేరును నమ్ముకొన్నను చిక్కే. తగిరిసను కొందరు తంటెమందురు. కసివిందను కసింద యందురు. ఒక పల్లెలో నొక మొక్కకు గల పేరు మరియొక పల్లెలో వేరొకదానికి చెల్లుటయు కలదు. పేరు మారినను మారనివి మొక్క లక్షణములే. వానిని ఒక వరుసలో పరీక్షింపవలెను.

ముందుగా ఆకు ననగా ఏమియో తెలిసికొందము. ఈ మొక్కలలో మనము ఒక్కొక్క ఆకు అనుకొనునది నిజముగా ఆకులో నొక భాగము, దానిని పత్రకమందురు. నడిమి ఈనెకు ఇరువైపుల జంటలు జంటలుగా అమరిన పత్రకము లన్నియు కలిసి ఒక ఆకు. ఇది తెలియుటకు సులభమైన గుర్తు కలదు. ఆకు తొడిమ కొమ్మను తాకుచోట చిన్న మొగ్గ యుండును. పత్రకము మొదట అట్టి మొగ్గ యుండదు.

తంగేడు ఏండ్ల తరబడి బ్రతుకు గట్టి పొద. దాని ఆకున సాధారణముగా ఎనిమిది మొదలు పండ్రెండు జంటల చిన్న పత్రకము లుండును. ప్రతి జంట నడుమను ఈనెపై ఒక సన్నని బుడిపె నిలిచియుండును. ఆకు తొడిమ మొదట ఇరువైపుల చెవులవలె గుండ్రని రెండు పచ్చని రేకులు కనబడును. వీనిని పత్రపుచ్ఛము లందురు. పూలు పెద్దవి, కొమ్మల చివర గుత్తులుగా పూయును. కాయ కాగితము వలె పలుచన, బల్లపరుపు.

తగిరిస వానలతో మొలచి, వానలు వెనుదీసిన పిదప ఎండిపోవు చిన్న మొక్క. దాని ఆకున సామాన్యముగా మూడు జంటల పత్రకములే యుండును. అవి మొదట సన్నగిలి, కొనయందు వెడల్పై గుండ్రముగా నుండును. బుడిపెలు క్రింది జంటల నడుమ మాత్రమే యుండును. పూలు చిన్నవి, ఆకు పంగలలో ఒకటి రెండుగా పూయును. కాయ సన్నగా, పొడవుగా, కొడవలివలె వంగియుండును.

కసివింద తగిరిసకంటె ఎత్తుగా పెరుగును. దాని ఆకున నాలుగైదు జంటల పత్రకము లుండును. వాని కొనలు మొనదేలియుండును. బుడిపె ఒక్కటియే, అదియు పత్రకముల నడుమ గాక తొడిమ మొదటనే యుండును. ఆకును నలిపిన దుర్గంధము వెడలును. కాయ చదునైనది, ఇంచుక వంపు గలది, నిటారుగా నిలుచునది. నడుమ గోధుమవన్నె, అంచుల లేతరంగు దాని గుర్తులు.

చూచితిరా! గింజంతయైన లేని బుడిపె యెచట నున్నదో చూచినంతనే మూడు మొక్కలు మూడు దారులై విడిపోయినవి.

ఈ చూపు ఎంత విలువైనదో రెండు సంఘటనలవలన తెలియును. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాలలో ఏటేట వానలు వెలిసి చలి మొదలగు నెలలలో చిన్నపిల్లలు ఒక వింతజబ్బుతో మరణించుచుండిరి. చాలకాలము అది మెదడుకు సోకిన అంటురోగమని తలచిరి. బిజ్నోరు ప్రాంతమున పరిశోధించిన వైద్యులు, జబ్బుపడిన పిల్లలలో పెక్కురు కసివింద గింజలు తినినవారని 2007లో వెల్లడించిరి. ఆ విషమువలన కాలేయము, కండరములు, మెదడు దెబ్బతినును. 2016లో ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో పలువురు పిల్లలు చనిపోయినప్పుడును, ఇతర కారణములతోపాటు ఈ గింజలను గూర్చియు నిపుణులు హెచ్చరించిరి. ఆడుకొనుచు కాయ కోసి నోట వేసికొను పిల్లవానికి అది ఏ కాయయో చెప్పగల అన్నయో అక్కయో దగ్గర నున్నచో ఎంత మేలు!

లక్షణములనుబట్టి మొక్కలను వర్ణించు పద్ధతి కొత్తది కాదు. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథమున ఈ మూడు మొక్కలకును శాస్త్రనామము లుంచెను. తంగేటికి అతడు పెట్టిన 'ఆరిక్యులేటా' యను పేరునకు చెవులు గలదని అర్థము. అది పైని చెప్పిన పత్రపుచ్ఛములను తలపించును. కసివిందకు పెట్టిన 'ఆక్సిడెంటాలిస్' అనగా పడమటిది. ఏలయన దాని పుట్టిల్లు అమెరికా ఖండము. పిమ్మట మన తెలుగుదేశమున సామర్లకోట యందు తోట పెంచిన రాక్స్‌బర్గు అను వైద్యుడు, భారతీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, వాని భాగముల నొక్కొక్కటిగా వర్ణించెను. తంగేడు, తగిరిసలకు నేడు చెల్లుచున్న 'సెన్నా' అను పేరు, ఆయన మరణానంతరము 1832లో వెలువడిన గ్రంథమునుండి వచ్చినది.

ఆ పని మీరును చేయవచ్చును. ఒక చిన్న పుస్తకము, ఒక కొలబద్ద చాలును. మొక్క ఎచట నున్నది, ఎంత ఎత్తు, పత్రకములు ఎన్ని జంటలు, వాని కొన గుండ్రమా మొనయా, బుడిపె యెచట, పూలు గుత్తియా ఒంటియా, కాయ ఆకారమెట్టిది అను ప్రశ్నలకు చూచినది చూచినట్లు జవాబు వ్రాయుడు. చూడనిదానిని ఊహించి వ్రాయకుడు. కాయ లేనిచో 'కాయ కనబడలేదు' అని వ్రాసి, నెల గడచిన పిదప మరల పోయి చూడుడు. తెలియని మొక్కను దేనినైనను నోట పెట్టి పరీక్షింపకుడు. పరీక్షకు కన్ను, ముక్కు, చేయి చాలును. చూచిన పిమ్మట చేతులు కడుగుకొనుడు.

2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన తరువాత తంగేడు పూవు రాష్ట్రపుష్పమైనది. రానున్న బతుకమ్మ పండుగకు మీరు తంగేడు పూలు కోయబోవునప్పుడు, ఒక ఆకు చేతికి తీసికొని జంటల నడుమ బుడిపెల నెన్నుడు. తొడిమ మొదట చెవులున్నవో లేవో చూడుడు. ఆ ప్రక్కనే నిటారుగా కాయలు నిలిపిన కసివింద కనబడినచో, వెంట వచ్చిన చిన్నవారికి దానిని చూపి, దాని గింజలు తినరాదని చెప్పుడు.