చెరువు చేసే పని ట్యాంకులో

కోల్‌కతా పాత నగరపు మురుగులో చాలా భాగం కాలువల వెంట తూర్పుకు వెళ్లి చేపల చెరువుల్లో కలుస్తుంది. ఆ చెరువులను అక్కడ భేరీలంటారు. బిద్యాధరి నది పూడిపోయి ఉప్పునీరు రావడం ఆగిపోయాక, 1930 ప్రాంతంలో అక్కడి చేపల రైతులు నగరం వదిలే మురుగుతోనే చేపల్ని పెంచడం నేర్చుకున్నారు. పన్నెండున్నర వేల హెక్టార్ల ఆ చిత్తడి నేలలకు 2002 ఆగస్టు 19న అంతర్జాతీయ ప్రాముఖ్యాన్ని చాటే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మన కొల్లేరుకు వచ్చిందీ అదే రోజున. కొల్లేటి చుట్టుపక్కల నుంచి లారీల్లో హౌరాకు వెళ్లే రోహు, బొచ్చె చేపలే అక్కడా పెరుగుతాయి, మేత మాత్రం వేరు.

భేరీలోకి నీళ్లు తూము గుండా వస్తాయి. వెదురు తడికలు చెత్తను అడ్డుకుంటాయి. చెరువు లోతు మనిషి నడుము దాటేది తక్కువ. అందుకే ఎండ బాగా లోపలికి దిగుతుంది, నాచు పెరుగుతుంది. నాచు పగలంతా ప్రాణవాయువును వదులుతుంది, ఆ గాలితో బతికే సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. నాచునూ దాన్ని తిని పెరిగే పురుగుల్నీ చేపలు తింటాయి. గట్ల వెంట కావాలనే పెంచే గుర్రపుడెక్క అలల కోతను ఆపుతుంది, నీటిలోని లోహాల్ని కొంత పీల్చుకుంటుంది. ఇదంతా జరగడానికి వారాలు పడుతుంది, కరెంటు మాత్రం అక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ 1980లలో ఈ పద్ధతిని శాస్త్రీయంగా పరిశీలించి ప్రపంచం ముందు పెట్టారు. నగరం అటువైపు పాకకుండా 1992లో కలకత్తా హైకోర్టు అడ్డుకట్ట వేసింది.

భేరీలకు కాలువ లేని కొత్త కాలనీల సంగతేమిటి? మన దేశంలో 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. ఆ అనుమతికి సొంత ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) మామూలు షరతు. ఇక్కడ పనికొచ్చేదే ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చే ప్యాకేజీ ప్లాంటు. ఫైబర్ లేదా స్టీలు ట్యాంకులో అరలుంటాయి. ముందు జల్లెడ, తర్వాత రోజంతా ఎక్కువ తక్కువలుగా వచ్చే మురుగును నిలవచేసే అర, ఆపైన గాలి కొట్టే అర, బురద అడుగుకు దిగే అర, చివర వడపోత, క్లోరిన్.

అసలు పని గాలి కొట్టే అరలోనే. అందులో అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ చక్రాలు వేలకొద్దీ తిరుగుతుంటాయి. ఒకటి పట్టుకు చూస్తే లోపలి గళ్లలో గోధుమరంగు జిగట పొర కనిపిస్తుంది. ఆ పొరే సూక్ష్మజీవుల కాపురం. మురుగులోకి గాలి ఊది వాటిని పెంచే విధానాన్ని 1914లో మాంచెస్టర్‌లో కనుగొన్నారు. చక్రాల ఆలోచన 1980ల చివర నార్వేలో పుట్టింది. భేరీలో నాచు ఇచ్చే గాలిని ఇక్కడ బ్లోవర్ ఇస్తుంది. అందుకే వారాల పని గంటల్లో అవుతుంది, స్థలం కూడా సెల్లారులో ఒక మూల చాలు.

ఆ వేగానికి ధర కరెంటు. గాలి గంటల తరబడి ఆగితే జీవులు చచ్చి, కుళ్లిన గుడ్ల కంపు మొదలవుతుంది. బాగా పనిచేసే ప్లాంటు దగ్గర తడిమట్టి వాసనే వస్తుంది. ఇంకో తేడా నాకు ముఖ్యమనిపిస్తుంది. భేరీ గట్టు తెగితే జాలరికి ఆ రాత్రే నిద్ర పట్టదు, అతని కూడు అందులో ఉంది. ట్యాంకు ఆగితే ఎవరి కడుపూ కాలదు. మురుగు నేరుగా కాలువలోకి పోతున్నా ఫ్లాట్ల వాళ్లకు తెలియకపోవచ్చు. జపాన్‌లో ఇళ్లకు పెట్టే ఇలాంటి ట్యాంకుల్ని జొకాసో అంటారు. 1983 చట్టం వాటికి వాడేవాళ్ల బాధ్యతగా ఏటా తనిఖీని, పూడిక తీతను విధించింది. ఆ దేశంలో అవి నిలబడటానికి సగం కారణం అదేనని నా నమ్మకం.

అపార్ట్‌మెంటు సంఘాలు ప్లాంటు కొనేముందు ధరకన్నా ముందు అడగాల్సినవి ఉన్నాయి. బ్లోవర్‌కు జనరేటర్ లైను ఉందా, అదనంగా ఇంకో బ్లోవర్ ఉందా, అడుగున చేరే బురదను ఎవరు, ఎన్నాళ్లకోసారి, ఎక్కడికి తీసుకెళ్తారు, నీటి నమూనా పరీక్ష నివేదిక నెలనెలా నోటీసు బోర్డు మీద పెడతారా?