తూకానికి ఒక ధర, చరిత్రకు మరొక ధర
బంగారు నాణెం కొనేముందు, అమ్మేముందు, కరగించేముందు

మూసీకి ఉత్తరపు ఒడ్డున, నయాపూల్‌కు అరకిలోమీటరు దూరంలో ఉన్న బేగం బజార్‌కు రెండు శతాబ్దాలకు పైబడిన వర్తక చరిత్ర ఉంది. రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ సతీమణి హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసినందువల్లనే దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇత్తడి, రాగి పాత్రలు, ఎండు ఫలాలు, కిరాణా సరుకులు, వెండి బంగారాలు అన్నీ అక్కడ టోకున దొరుకుతాయి. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే నగరంలోని కుటుంబాలూ, జిల్లాల చిల్లర వర్తకులూ ఆ ఇరుకు వీధులను నింపివేస్తారు.

ఆ వచ్చేవారందరూ కొనేవారే కారు. అమ్మాయి పెళ్ళికి డబ్బు చాలక నానమ్మ పెట్టెలోని పాత నాణేన్ని గుడ్డలో చుట్టి తెచ్చేవారూ ఉంటారు. వర్తకుడు దానిని గీటురాయిపై గీస్తాడు, తూస్తాడు, తరుగు తీసివేసి ధర చెబుతాడు. ఆ నాణెం సాయంత్రానికి మూసలో కరిగిపోతుంది. వర్తకుడు మోసం చేయకపోవచ్చు. తూకం సరిగానే ఉండవచ్చు. అయినా ఆ కుటుంబం నష్టపోయి ఉండవచ్చు. ఎందుకంటే పాత బంగారు నాణేనికి రెండు ధరలుంటాయి. ఒకటి తూకానిది, రెండవది చరిత్రది. ముస్లిం కుటుంబానికి ఈ రెండింటితోపాటు మూడవ లెక్క కూడా ఉంది. అది దానిపై అల్లాహ్ విధించిన హక్కుల లెక్క. ఈ మూడింటినీ విడివిడిగా తెలుసుకోవాలన్నదే మా ఉద్దేశం.

దీనార్ నుంచి అష్రఫీ దాకా

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో అరబ్బులు రోము సామ్రాజ్యపు బంగారు దీనార్లను, పారశీకుల వెండి దిర్హమ్‌లను వాడేవారు. బొమ్మలు లేకుండా కేవలం అక్షరాలతో కూడిన తొలి ఇస్లామీ దీనార్‌ను ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో (క్రీ.శ. 696–97) ముద్రింపజేశాడు. దాని బరువు సుమారు 4.25 గ్రాములు. ‘అష్రఫీ’ అనే పేరు ఈజిప్టు మమ్లూక్ సుల్తాన్ అల్ అష్రఫ్ బర్స్‌బాయ్ 1425లో ప్రవేశపెట్టిన బంగారు నాణెం నుంచి వచ్చింది. తెలుగునేలపై విజయనగర కాలపు వరాహ చాలాకాలం చెలామణి అయింది. బ్రిటిషు సవరను మన ఇళ్ళలో ‘కాసు’గా స్థిరపడింది. నేటికీ కోస్తా జిల్లాల్లో కాసు బంగారమంటే 8 గ్రాములే. సవరను బరువు 7.98 గ్రాములు కావడమే అందుకు కారణం.

హైదరాబాద్ అష్రఫీ వీటన్నింటిలో మన నగరానికి సొంతమైనది. మహబూబ్ అలీ ఖాన్ పాలనలో 1903లో సైఫాబాద్ టంకశాల ఏర్పడింది. యంత్రంపై ముద్రించిన అక్కడి నాణేలపై చార్మినార్ బొమ్మ నిలిచింది. ఆ కట్టడపు ద్వారంలో ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ నాణెం, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. పూర్తి అష్రఫీ బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో మేలిమి 91 శాతం. అర, పావు, అరపావు అష్రఫీలు కూడా ఉన్నాయి. ఒక అక్షరాన్ని చదవగలిగిన పిల్లవాడు తన తాతల కాలాన్ని అరచేతిలో గుర్తించగలడు. నాణేల సేకరణలోని అసలు ఆనందం ఇదే.

1965లో దేశం నేర్చిన పాఠం

ఉస్మాన్ అలీ ఖాన్ యుద్ధ సమయంలో దేశానికి ఐదు టన్నుల బంగారం దానం చేశాడన్న కథ నేటికీ ప్రచారంలో ఉంది. వాస్తవం వేరు. ఆయన 1965లో 4,25,000 గ్రాముల బంగారాన్ని, అంటే 425 కిలోలను, ఆరున్నర శాతం వడ్డీ ఇచ్చే జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టుబడిగా పెట్టారు. మాకు ఇక్కడ ముఖ్యమైనది మరొక విషయం. ఆ బంగారంలో పాత మొహర్లు ఉన్నాయి. ఆ డిసెంబరులో హైదరాబాద్ వచ్చిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, వాటిని కరగించబోమనీ, పురాతన విలువ ఉన్నందున విదేశాల్లో అమ్మితే కోటి రూపాయల దాకా రావచ్చనీ ప్రకటించారు. యుద్ధభారం మోస్తున్న ప్రభుత్వమే మొహరీని మూసలో వేయడానికి తొందరపడలేదు. అలాంటప్పుడు మన ఇంటి అష్రఫీ విషయంలో ఒక వారం ఆగి విచారించుకోవడం అసాధ్యమేమీ కాదు.

అయితే పాతదల్లా అపురూపమని భ్రమపడరాదు. విరివిగా ముద్రితమై, అరిగిపోయిన నాణేనికి తూకం ధర కంటే పెద్దగా ఎక్కువ రాకపోవచ్చు. సంవత్సరం, టంకశాల, అరుదుదనం, అన్నింటికంటే మించి నాణెపు స్థితి దాని చారిత్రక విలువను నిర్ణయిస్తాయి. హారానికి కూర్చేందుకు కొక్కెం అతికించిన నాణెం, రంధ్రం పొడిచిన నాణెం సేకర్తల దృష్టిలో చాలా తగ్గిపోతాయి. నగలను కుంకుడు రసంతోనో చింతపండుతోనో తోమే అలవాటును పాత నాణేల దగ్గరకు రానీయకండి. కాలం ఇచ్చిన ఛాయ పోతే ధర కూడా పోతుంది. అంచులను పట్టుకుని చూడండి, మెత్తని పొడి గుడ్డలో విడిగా దాచండి, రెండువైపులా ఫొటో తీసి బరువు రాసిపెట్టండి. అమ్మే ముందు కనీసం ఇద్దరు నాణేల నిపుణుల అభిప్రాయం తీసుకోండి. సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం ప్రారంభమైంది. పిల్లలతో కలిసి ఒక సెలవు రోజు అక్కడ గడిపితే కన్ను పదునెక్కుతుంది.

చట్టాన్ని కూడా మరువరాదు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దానిని వ్యక్తులు దేశం దాటించడం నేరం. జిద్దాలోనో దుబాయిలోనో ఉన్న కొడుకుకు నానమ్మ గుర్తుగా మహబూబ్ కాలపు అష్రఫీ పంపాలనుకునేవారు ఈ సంగతి గ్రహించాలి. పునాది తవ్వుతుండగా పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం బయటపడితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. దానిని దాచుకోవడం ధర్మమూ కాదు.

కొత్త నాణెం: పెట్టుబడి లెక్క

పొదుపు కోసం కొనే కొత్త నాణేనికి చరిత్ర లేదు, తూకమే దాని విలువ. కాబట్టి తూకం ధరపై ఎంత అదనంగా చెల్లిస్తున్నామన్నదే ప్రధాన ప్రశ్న. ఉదాహరణకు లక్ష రూపాయల బంగారమున్న నాణేనికి మజూరీ 5,000 రూపాయలు, మొత్తంపై 3 శాతం జీఎస్టీ కింద 3,150 రూపాయలు కలిస్తే 1,08,150 అవుతుంది. తిరిగి అమ్మేటప్పుడు ఆ 8,150 చేతికి రాదు. బంగారం ధర ఎనిమిది శాతానికి పైగా పెరిగిన తర్వాతే లాభం మొదలవుతుంది. నాణెం చిన్నదయ్యేకొద్దీ గ్రాముకు పడే మజూరీ సాధారణంగా పెరుగుతుంది. బ్యాంకులు నాణేలను అమ్మినా తిరిగి కొనవు. అందువల్ల ఎవరు, ఏ ధరకు తిరిగి కొంటారో ముందే అడగండి. 999 స్వచ్ఛత గుర్తు, సీలు చెదరని ప్యాకింగు, పక్కా బిల్లు లేనిదే కొనకండి.

బంగారం ఎప్పుడూ పెరుగుతుందన్న మాటలోనూ సగమే నిజముంది. 1980 జనవరిలో అంతర్జాతీయ విపణిలో ఔన్సు 850 డాలర్లకు చేరింది. 1999లో సుమారు 250కి పడిపోయింది. 1980 నాటి అంకెను మళ్ళీ దాటింది 2008లోనే. ఏడాదిలో కావలసిన కళాశాల రుసుముకూ, వైద్య ఖర్చుకూ బంగారాన్ని నమ్ముకోవడం వివేకం కాదు. అప్పు చేసి కొనడం అంతకంటే కాదు.

మూడవ లెక్క

దైవమార్గంలో ఖర్చు చేయకుండా వెండి బంగారాలను పోగుచేసేవారిని ఖుర్ఆన్ తౌబా సూరాలో కఠినంగా హెచ్చరించింది. జకాత్ చెల్లించిన సంపద ఆ హెచ్చరిక కిందికి రాదని ధర్మవేత్తలు వివరించారు. బంగారానికి నిసాబ్ ఇరవై దీనార్లు. మన దేశంలోని ఉలమాలు దీనిని ఏడున్నర తులాలుగా, అంటే 87.48 గ్రాములుగా లెక్కిస్తారు. ఇక్కడొక పొరపాటు జరిగే అవకాశముంది. నేటి బజారులో తులమంటే 10 గ్రాములు. నిసాబ్ లెక్కలోనిది 11.664 గ్రాముల పాత తులం. నగదు, వెండి కూడా ఉన్నవారు అన్నింటినీ కలిపి చూడాలి. అటువంటప్పుడు 612.36 గ్రాముల వెండి విలువే కొలమానమని అనేకమంది ఉలమాల అభిప్రాయం. నిసాబ్‌పై చాంద్రమాన సంవత్సరం గడిస్తే రెండున్నర శాతం చెల్లించాలి. ధరించే నగలపై మజ్‌హబుల మధ్య భేదముంది కాని, నాణేల విషయంలో ‘ఇది కేవలం అభిరుచి’ అన్న సాకు చెల్లదు. పురాతన విలువను ఎలా లెక్కించాలో నమ్మకమైన ఆలిమ్‌ను అడగండి.

మార్పిడిలో మరొక జాగ్రత్త అవసరం. బంగారానికి బంగారం ఇచ్చిపుచ్చుకుంటే సమాన తూకంతో, అక్కడికక్కడే జరగాలని హదీసులు చెబుతున్నాయి. ఖైబర్‌లో ఒక సహచరుడు పూసలతో కూర్చిన బంగారు హారాన్ని పన్నెండు దీనార్లకు కొన్నారు. విడదీసి చూస్తే అందులో అంతకంటే ఎక్కువ బంగారముంది. విడదీయకుండా అటువంటిది అమ్మరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. కనుక పాత అష్రఫీ ఇచ్చి అంతకంటే బరువైన నగ తెచ్చుకోరాదు. అష్రఫీని రూపాయలకు అమ్మి, చేతికి వచ్చిన సొమ్ముతో నగను విడిగా కొనాలి. అప్పుడు చరిత్రకు వచ్చే అధిక ధర కూడా ధర్మసమ్మతంగానే దక్కుతుంది.

చివరగా ఆ నాణెం ఎవరిదో అడగాలి. హైదరాబాద్ నికాహ్‌లలో మహర్‌ను రూపాయలతోపాటు ఎర్ర దీనార్లలో చెప్పే ఆచారం ఉంది. మహర్‌గా ఇచ్చిన నాణెం భార్య సొత్తు. తల్లిదండ్రులు కూతురికి కానుకగా ఇచ్చినది ఆ కూతురి సొత్తు. మరణించిన నానమ్మ పెట్టెలోనిది వారసులందరి సొత్తు. అందులో అత్తలకూ వాటా ఉండవచ్చు. పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటే నాణెం వారిదే అనుకోవడం అన్యాయం. నాణేన్ని తక్కెడలో పెట్టకముందే హక్కుదారులను పిలిచి కూర్చోబెట్టి, వారి సమ్మతిని కాగితంపై రాయించుకోండి.