సూపర్‌చార్జర్ కారులో వచ్చిపోయే శక్తిలోపం: అపోహలు – వాస్తవాలు

రోడ్డు పన్ను పొరుగు రాష్ట్రాలకంటే తక్కువ కావడంతో పుదుచ్చేరిలో రిజిస్టరై, పీవై అక్షరాల నంబరు పలకతో తిరిగే ఖరీదైన కార్లు దక్షిణాదిలో చాలాచోట్ల కనిపిస్తాయి. 2013లో భారత విపణిలోకి వచ్చిన జాగ్వార్ ఎఫ్-టైప్ వంటి సూపర్‌చార్జర్ స్పోర్ట్స్ కార్ల యజమానులను, అంతకంటే ఎక్కువగా మెకానిక్కులను వేధించే ఫిర్యాదు ఒకటుంది: పట్టణంలో సాఫీగా నడిచే కారు ఈస్ట్ కోస్ట్ రోడ్డు ఎక్కి ముందున్న బస్సును దాటబోయేసరికి పికప్ కోల్పోతుంది, కాసేపటికి తనంతట తానే కోలుకుంటుంది. ఇటువంటి సందర్భాల్లో చాలావాటిలో ఏ భాగమూ పూర్తిగా చెడిపోయి ఉండదు. ఏదో ఒక కొలత హద్దు దాటినందువల్ల ఇంజిన్‌ను కాపాడటానికి దాని కంప్యూటరే శక్తిని తగ్గిస్తుంది. కాబట్టి పరీక్షకుడు ఏ భాగం పోయిందని కాక, ఏ పరిస్థితిలో శక్తి తగ్గుతున్నదని మొదట అడగాలి.

అపోహ: శక్తి తగ్గిందంటే సూపర్‌చార్జరే పాడైంది.

వాస్తవం: సూపర్‌చార్జర్ అంటే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ నుంచి బెల్టు ద్వారా తిరుగుతూ, సిలిండర్లలోకి గాలిని వాతావరణ పీడనానికి మించిన ఒత్తిడితో నెట్టే పంపు, ఆ అదనపు ఒత్తిడినే బూస్టు అంటారు. ఆ పంపులోని రోటర్లు అరిగితే లోపం ప్రతిరోజూ, ప్రతి వేగంలోనూ, తరచుగా శబ్దంతో సహా తెలుస్తుంది గాని, ఒకరోజు కనిపించి మరునాడు మాయం కాదు. వచ్చిపోయే లోపానికి సాధారణంగా దాని పరిసరాలే కారణం. యాక్సిలరేటర్‌ను తేలికగా నొక్కినప్పుడు గాలిని పంపు చుట్టూ తిప్పి వదిలే బైపాస్ కవాటం ఒకటి ఉంటుంది. అది తెరుచుకున్న స్థితిలో ఇరుక్కున్నా, వాక్యూమ్‌తో పనిచేసే రకంలో దాని గొట్టం వేడికి పగిలినా బూస్టు తయారు కాదు. పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని పొట్టి వీధుల్లో ఆ కవాటం దాదాపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి, అక్కడ ఎంతసేపు నడిపినా ఈ లోపం బయటపడదు. బూస్టు అన్ని వేగాల్లోనూ తక్కువగా ఉంటే కవాటాన్ని, గొట్టాల లీకులను అనుమానించాలి. కింది వేగాల్లో సరిగానే ఉండి, ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ పడిపోతే బెల్టు జారుతున్నదేమో, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనపడిందేమో చూడాలి.

అపోహ: ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే ఉంది కాబట్టి వేడి సమస్య లేదు.

వాస్తవం: యజమానులను ఎక్కువగా తప్పుదారి పట్టించే నమ్మకం ఇదే. డాష్‌బోర్డు మీది ముల్లు ఇంజిన్ చుట్టూ తిరిగే నీటి వేడిని చూపుతుంది, సిలిండర్లలోకి వెళ్ళే గాలి వేడిని కాదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 32 డిగ్రీల గాలిని వాతావరణ పీడనానికి ఒకటిన్నర రెట్లు నొక్కినప్పుడు, పంపు సామర్థ్యాన్ని బట్టి, అది 90 డిగ్రీల దరిదాపులకు చేరగలదు. అంత వేడి గాలిలో ఇంధనం నిప్పురవ్వ అంటించిన మంటకు అందకముందే తనంతట తాను పేలే ప్రమాదం ఉంది, దానినే నాకింగ్ అంటారు. దీన్ని నివారించడానికి ఇటువంటి అనేక కార్లలో సూపర్‌చార్జర్ తరువాత ఇంటర్‌కూలర్ అనే చల్లార్చే పరికరాన్ని, దానికి సొంత నీటి వలయాన్ని, ఆ నీటిని తిప్పడానికి ఒక చిన్న విద్యుత్ పంపును అమరుస్తారు. ఆ పంపు ఆగినా, వలయంలో గాలి బుడగలు చేరినా ఇంజిన్ నీటి ముల్లు కదలదు గాని, లోపలికి వెళ్ళే గాలి వేడెక్కుతూనే ఉంటుంది. కంప్యూటర్ నిప్పురవ్వ సమయాన్ని వెనక్కి జరిపి, అవసరమైతే థ్రోటిల్‌ను కూడా కొంత మూసి, శక్తిని తగ్గిస్తుంది. పుదుచ్చేరి మిషన్ వీధి రద్దీలో ఇంజిన్ అరగంట ఉడికిన తరువాత హైవే ఎక్కగానే శక్తి లేకపోవడం, ఇంజిన్ ఆపి చల్లబరిస్తే తిరిగి రావడం దీని లక్షణాలు. నిర్ధారణకు భాగాలు విప్పనక్కరలేదు. కారు కంప్యూటర్ సమాచారాన్ని చదివే స్కానర్‌లో లోపలికి వెళ్ళే గాలి ఉష్ణోగ్రతను చూస్తూ నడిపినప్పుడు, స్థిర వేగంలో కూడా అది బయటి గాలి స్థాయి దరిదాపులకు దిగిరాకపోతే, మొదట ఇంటర్‌కూలర్ నీటి పంపుకు కరెంటు అందుతున్నదో లేదో పరీక్షించాలి.

అపోహ: చెక్ ఇంజిన్ దీపం వెలగలేదు కాబట్టి లోపం లేదు.

వాస్తవం: అనేక లోపాలు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే దీపం వెలుగుతుంది, మొదటిసారి కనిపించినది కంప్యూటర్‌లో పెండింగ్ కోడ్ అనే లోప సంకేతంగా మాత్రమే నమోదవుతుంది. వేడి కారణంగా శక్తిని తగ్గించడం రక్షణ చర్య కనుక దానికి కోడ్ అసలు రాకపోవచ్చు. కోడ్ వచ్చినా అది తీర్పు కాదు: పీ0299 బూస్టు తక్కువగా ఉందని, పీ0087 ఇంజెక్టర్లకు ఇంధనం పంచే రైలు అనే గొట్టంలో ఒత్తిడి తగ్గిందని మాత్రమే చెబుతాయి గాని, కారణాన్ని చెప్పవు.

అపోహ: సముద్రపు తేమ గాలి వల్లే కారు మధ్యమధ్యలో శక్తి కోల్పోతుంది.

వాస్తవం: 32 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో, నీటి ఆవిరి గాలిలో ఆక్రమించే వాటా నాలుగు శాతానికి లోపే. ఆ మేరకు ఆమ్లజని తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. అయితే ఆ తగ్గుదల రోజంతా ఉంటుంది, ఒక క్షణం వచ్చి మరుక్షణం పోయేది కాదు. తీరప్రాంతపు అసలు శత్రువు ఉప్పు. కనెక్టర్ల పిన్నుల మీద, ఇంజిన్‌ను కారు బాడీకి కలిపే ఎర్తు తీగల చివర్లలో అది తుప్పు పుట్టిస్తుంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినప్పుడు పట్టణంలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసి, అనేక వీధులు నీట మునిగాయి. అటువంటి నీటిలో నిలిచిన కారు ఆరిపోయి మామూలుగా నడిచినా, తీగల లోపలి తుప్పు నెలల తరువాత బయటపడవచ్చు. యాక్సిలరేటర్ పెడల్‌లో రెండు సెన్సర్లు ఉంటాయి. తుప్పు వల్ల వాటి సంకేతాలు ఒక్క క్షణం పొంతన తప్పినా, కంప్యూటర్ శక్తిని పరిమితం చేసి లింప్ మోడ్ అనే రక్షణ స్థితిలోకి వెళుతుంది.

ఇక్కడ మీటరుతో ఓమ్స్ కొలిచి తీగ బాగుందని తేల్చడం కూడా పొరపాటే, ఎందుకంటే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా భారం లేనప్పుడు దాదాపు సున్నా నిరోధాన్నే చూపుతుంది. స్టార్టర్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ లోహానికీ మధ్య వోల్టేజీ కొలవాలి. అది సుమారు 0.2 వోల్టులకు మించితే ఎర్తును విప్పి శుభ్రం చేయవలసిందే.

అపోహ: ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలే కారణం, ఖరీదైన పెట్రోలు పోస్తే నయమవుతుంది.

వాస్తవం: ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలుకంటే దాదాపు మూడోవంతు తక్కువ కాబట్టి మైలేజీ తగ్గడం నిజం, కాని నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని సూచించే ఆక్టేన్ సంఖ్య దానివల్ల పెరుగుతుందే తప్ప తగ్గదు. వారాల తరబడి కదలని కారులో మాత్రం ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీరు హద్దు మీరితే ఇథనాల్‌తో సహా విడిపోయి ట్యాంకు అడుగున, సరిగ్గా ఇంధన పంపు తీసుకునే చోట చేరుతుంది. 2020 డిసెంబరులో వచ్చిన ఎక్స్‌పీ100 వంటి నూరు ఆక్టేన్ పెట్రోలు పోసినప్పుడు శక్తి తిరిగివస్తే, అది చికిత్స కాదు, విలువైన ఆధారం: అంతవరకు నాకింగ్ భయంతోనే కంప్యూటర్ శక్తిని తగ్గించిందని తెలుస్తుంది, వేడికి మూలాన్ని వెతకడం ఇంకా మిగిలే ఉంటుంది.

అపోహ: బ్యాటరీ తీగ తీసి పెడితే లోపం పోతుంది.

వాస్తవం: తీగ తీసినప్పుడు ఇంధన మోతాదులో కంప్యూటర్ కాలక్రమంలో నేర్చుకున్న సవరణలు చాలా కార్లలో చెరిగిపోతాయి, అందువల్ల కారు కొద్దిరోజులు మెరుగైనట్టు తోచవచ్చు. వాటితోపాటే లోపం కలిగిన క్షణంలో ఇంజిన్ వేగం, భారం, ఉష్ణోగ్రత ఎంత ఉన్నాయో దాచిపెట్టిన ఫ్రీజ్ ఫ్రేమ్ అనే నమోదు కూడా పోతుంది. ఊహ మీద వరుసగా కొత్త భాగాలు మార్చుతూ, మార్చిన ప్రతిసారీ కోడ్లు చెరిపివేసే వర్క్‌షాపుల్లో యజమాని సొమ్ముకంటే ముందు నష్టపోయేది ఈ ఆధారమే. స్కానర్ తగిలించిన వెంటనే, ఏ మీటా నొక్కకముందే ఆ అంకెలను కాగితం మీద రాయించుకోవడం యజమాని హక్కు.