పళ్లకు క్లిప్పులు: ఎంపిక, ఆపై రెండేళ్లు

పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక మెత్తని పొర ఉంటుంది. పళ్లకు వేసే క్లిప్పులు పనిచేసేది ఈ పొర మీదే. తీగ పంటిని ఒక పక్కకు నెడితే, ఆ పక్క పొర నొక్కుకుపోయి అక్కడి ఎముక మెల్లగా కరుగుతుంది. రెండో పక్క పొర సాగి, ఖాళీ అయిన చోట కొత్త ఎముక పోసుకుంటుంది. కరగమని, పోసుకోమని కణాలకు కబురు చేరవేసే రసాయనాలను ప్రోస్టాగ్లాండిన్లు అంటారు. ఈ పేరు నొప్పి మాత్రల దగ్గర మళ్లీ వస్తుంది.

ఈ పద్ధతిలో పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. తీగ గట్టిగా బిగిస్తే పని తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు. బలం మితిమీరితే ఎముకలో కదలిక మందగిస్తుంది, వేరు కొసలు అరిగే ప్రమాదం పెరుగుతుంది. అందుకే మామూలు చికిత్సకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఎలాంటి ఎత్తుపళ్లనైనా నాలుగైదు నెలల్లో సరిచేస్తామని ఎవరైనా మాట ఇస్తే ఆ మాట నమ్మదగినది కాదు.

పళ్ల పొందికలోని లోపాలను మూడు తరగతులుగా విడదీసి ఈ వైద్యానికి పునాది వేసినవాడు అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్. ఆ వర్గీకరణ 1899 నాటిది, ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆయన కాలంలో ప్రతి పంటికీ లోహపు పట్టీ తొడగాల్సి వచ్చేది. పంటి పైపొరను పలుచని ఆమ్లంతో గరుకుగా చేస్తే జిగురు పదార్థం గట్టిగా పట్టుకుంటుందని 1955లో మైఖేల్ బ్యూనోకోర్ చూపించాడు. తర్వాతి కాలంలో పట్టీలు పోయి, పంటి మీద నేరుగా అతికే చిన్న బ్రాకెట్లు రావడానికి దారి వేసింది అదే. 1970ల్లో నికెల్ టైటానియం తీగ వచ్చింది. బాగా వంచినా తన ఆకారానికి తిరిగి వచ్చే ఆ తీగ వారాల తరబడి సున్నితంగా నెడుతూనే ఉంటుంది. ఇప్పుడు నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి డాక్టరుకు చూపించుకుంటే సరిపోవడానికి ఆ తీగ కూడా ఒక కారణం.

శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల వారికి అసలు లెక్క ఈ రాకపోకల దగ్గరే ఉంది. క్లిప్పులు ఏ రకమైనా, రెండేళ్లలో పదిహేను ఇరవై సార్లు దంతవైద్యుని కుర్చీలో కూర్చోక తప్పదు. కవిటి నుంచో వజ్రపుకొత్తూరు నుంచో పిల్లను తీసుకువెళ్లే తల్లికి అది ప్రతిసారీ ఒక రోజు కూలి, ఒక రోజు బడి. కాబట్టి ఏ క్లిప్పు అన్నదాని కన్నా ఎవరి దగ్గర, ఎంత దూరంలో అన్నది ముందుగా తేల్చుకోవాలి.

దంతవైద్యులందరూ బీడీఎస్ చదివినవారే. పళ్ల వరస సరిచేయడంలో ప్రత్యేకంగా మరో మూడేళ్ల ఎండీఎస్ చేసినవారు ఆర్థోడాంటిస్టులు. చిన్న పట్టణాల క్లినిక్‌లలో చాలాచోట్ల ఈ నిపుణులు వారానికో పక్షానికో ఒక రోజు నగరం నుంచి వచ్చి వెళుతుంటారు. అలాంటి చోట మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: వచ్చే డాక్టరు చదువేమిటి, చివరిదాకా ఆయనే చూస్తారా, మధ్యలో తీగ గుచ్చుకుంటే ఎవరు చూస్తారు. ఖర్చు తగ్గాలంటే దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. శ్రీకాకుళంలో శ్రీసాయి, విశాఖలో గీతం, సంగివలస దగ్గర అనిల్ నీరుకొండ కళాశాలలు ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నవి. సమయం ఎక్కువ పట్టవచ్చు గానీ, అక్కడ పని అధ్యాపకుల పర్యవేక్షణలో జరుగుతుంది. పలాసలో రైలెక్కితే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనైనా, విశాఖైనా ఒకే దారి.

వయసు సంగతికొస్తే, ఏడేళ్లప్పుడు ఒకసారి చూపించడం మేలు. అంటే అప్పుడే క్లిప్పులు వేస్తారని కాదు. కింది పళ్లు పైపళ్లను దాటి ముందుకు రావడం, బొటనవేలు చప్పరించే అలవాటు వంటివి అప్పుడే కనిపెడితే చిన్న చికిత్సతో సరిపోవచ్చు. పూర్తి క్లిప్పులకు పాలపళ్లు ఊడి కోరపళ్లు దిగే 11 నుంచి 14 ఏళ్ల వయసు అనువైనది. ఏడో తరగతిలో మొదలుపెట్టినవారికి పదో తరగతి పరీక్షల ముందే ముగుస్తుంది. తొమ్మిదిలో మొదలుపెడితే, ఇంటర్ చదువుకు విశాఖకో విజయవాడకో పంపేటప్పటికి చికిత్స ముగియకపోవచ్చు. అలా ఊరు మారాల్సి వస్తే ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు, చికిత్స వివరాల కాగితం అడిగి తీసుకోవాలి. అవి లేకుండా కొత్త డాక్టరు కొనసాగించడం కష్టం. పెద్దలకూ క్లిప్పులు వేయవచ్చు, చిగుళ్లు ఆరోగ్యంగా ఉంటే చాలు.

రకాల్లో చవకైనవి, గట్టివి స్టీలు బ్రాకెట్లు. పంటి రంగులో ఉండే సిరామిక్ బ్రాకెట్లు అంతగా కనిపించవు గానీ పెళుసు, ధర ఎక్కువ. పళ్ల వెనుకవైపు వేసేవి ఇంకా ఖరీదు, మొదట్లో నాలుకకు గీసుకుంటాయి. తీసి పెట్టుకునే పారదర్శక అలైనర్లు 1990ల చివర అమెరికాలో మొదలయ్యాయి. వాటిని రోజుకు సుమారు 22 గంటలు పెట్టుకోవాలి. తిండికి తీసి కాగితంలో చుట్టి మరచిపోయే పిల్లలకు అవి పనికిరావు, క్లిష్టమైన కదలికలన్నీ వాటితో సాధ్యమూ కావు. పల్లె నుంచి వచ్చే బడిపిల్లలకు స్టీలు క్లిప్పులే సరైన ఎంపిక: విరగడం తక్కువ, మరమ్మతు తేలిక. చోటు చాలనప్పుడు కోరపన్ను వెనుక ఉన్న చిన్న దవడపళ్లను తీయించమంటారు. మంచి పన్ను తీయడమేమిటని తల్లిదండ్రులు బెంగపడటం సహజమే. ఎక్స్‌రేలు ముందు పెట్టి, తీయకపోతే ఏమవుతుందో చెప్పే డాక్టరు దగ్గర ఆ బెంగ తగ్గుతుంది.

క్లిప్పులు వేసిన మొదటి మూడు నాలుగు రోజులు, తర్వాత తీగ మార్చిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు పళ్లు సలుపుతాయి. ఉద్దానంలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఈ ప్రాంతాన్ని దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు పీడిస్తోంది. కారణం ఇదమిత్థంగా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లను అణిచేస్తాయి. మూత్రపిండాలకు రక్తం అందేలా చూసేవాటిలో ఆ రసాయనాలూ ఉన్నాయి. ఎండలో పనిచేసి నీరు తగ్గిన ఒంటికి, అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండానికి ఆ మాత్ర అదనపు దెబ్బ. పైగా ఎముక కరిగి పోసుకోవడానికి కబురు చేరవేసేదీ ఆ రసాయనాలే కాబట్టి, వాటిని మాటిమాటికీ అణిస్తే పంటి కదలికా మందగించవచ్చు. మందుల షాపులో నొప్పికని అడిగితే చేతికి వచ్చే మాత్రల్లో ఎసిక్లోఫెనాక్ కలిసినవి చాలా ఉంటాయి. డాక్టరు చెప్పిన మోతాదులో ఒట్టి పారాసిటమాల్, చల్లటి నీటి పుక్కిలింత, ఒకటి రెండు రోజులు మెత్తని తిండి చాలామందికి సరిపోతాయి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మొదటి రోజే దంతవైద్యునికి చెప్పాలి. క్లిప్పులు వేయించుకునేవారే రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వాడుతుంటే అదీ చెప్పాలి. ఆ మందు కొందరిలో చిగుళ్లను వాపెక్కిస్తుంది, క్లిప్పుల చుట్టూ పాచి చేరితే ఆ వాపు పెరుగుతుంది.

తిండి విషయంలో ఈ ప్రాంతం కాస్త కఠినమైనదే. చేతికందే జీడిపప్పు, పచ్చికొబ్బరి ముక్క, జంతిక, చెరకు, తాటితేగ, అన్నీ కొరికి తినేవే. బ్రాకెట్లు ఊడేది ఎక్కువగా ఇలాంటి కొరుకుడుకే. ఊడిన ప్రతి బ్రాకెట్టూ చికిత్సను వారాలు వెనక్కి నెట్టగలదు. అలాగని రెండేళ్లు జీడిపప్పు మానాల్సిన పనిలేదు. నానబెట్టి రుబ్బి కూరలో వేస్తే, కొబ్బరిని కోరి పచ్చడి చేస్తే ఇబ్బంది ఉండదు. పనసతొన జిగురుగా పట్టుకుంటుంది కాబట్టి చిన్న ముక్కలుగా కోసి వెనుక పళ్లతో నమిలి, వెంటనే నోరు పుక్కిలించాలి. పనసపొట్టు కూర పీచు తీగల్లో చిక్కుతుంది, తిన్నాక బ్రష్ తప్పదు. నొప్పి ఉన్న రోజుల్లో చోడి అంబలి, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, ముంజలు హాయిగా దిగుతాయి. చేపలో ముల్లు ఏరుకుని తింటే చాలు.

క్లిప్పులు తీసిన రోజు చాలామందిని నిరాశపరిచేది పళ్ల మీద మిగిలే తెల్లమచ్చలు. బ్రాకెట్టు చుట్టూ పాచి నిలిచి, అందులోని సూక్ష్మజీవులు చేసే ఆమ్లం పంటి ఖనిజాన్ని లాగేసిన గుర్తులవి. పూర్తిగా పోవడం కష్టం, రాకుండా చూసుకోవడం తేలిక. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తిన్న ప్రతిసారీ, కుదరకపోతే పొద్దున, రాత్రి, తీగకు పైనా కిందా బ్రష్ చేయాలి. తీగ కిందికి దూరే సన్నని బ్రష్ వేరుగా కొనుక్కోవాలి. వేపపుల్ల క్లిప్పుల సందుల్లోకి పోదు. కూల్‌డ్రింకులు ఈ రెండేళ్లూ దూరంగా ఉంచదగినవి. పిల్లకు తోడుగా వచ్చిన అమ్మమ్మకు అడ్డపొగ అలవాటుంటే ఆమె అంగిలినీ అదే కుర్చీలో చూపించడం మంచిది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో వేలమందిని పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకునే ఈ అలవాటు వల్ల అంగిలికి జరిగే హానిని ప్రపంచానికి చూపింది.

తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటే డాక్టరు ఇచ్చే మైనం అద్దితే ఆ పూటకు ఉపశమనం. ఊడిన బ్రాకెట్టును పారేయకుండా దాచి తీసుకెళ్లాలి. ఈ తీరంలో మైనం ఎప్పుడూ ఇంట్లో ఉండాల్సిందే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, దారులు తెగిపోయిన ఊళ్లు ఎన్నో. అలాంటి వేళ ఒక నెల తీగ మార్పు తప్పినా నష్టం పెద్దగా ఉండదు. మానేసి నెలల తరబడి వదిలేయడమే నష్టం.

క్లిప్పులు తీశాక పళ్లు పాత చోటికి మళ్లాలని చూస్తాయి. కొత్త ఎముక గట్టిపడటానికి, చిగురులోని నారపోగులు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే రిటైనర్ ఇస్తారు: కొందరికి తీసి పెట్టుకునేది, కొందరికి ముందు పళ్ల వెనుక అతికించిన సన్నని తీగ. మొదటి నెలల్లో దాదాపు రోజంతా, తర్వాత రాత్రిళ్లు, డాక్టరు చెప్పినన్నాళ్లు పెట్టుకోవాలి. చాలామందికి అది ఏళ్ల తరబడి సాగుతుంది. దాన్ని వేడినీళ్లలో కడిగితే వంకరపోతుంది. పోయినా విరిగినా కొద్ది రోజుల్లోనే కొత్తది చేయించుకోవాలి. నెలలు గడిచాక వెళితే పాత అచ్చుకు చేసిన రిటైనర్ జరిగిపోయిన పళ్లకు పట్టదు.